చలాన్ వేరు, కేసు వేరు: పైలట్ కావాలనుకునే యువతపై రోడ్డు నేరాల ప్రభావం

సిరొంచ, అహేరి, రాజురా, బల్లార్షా, కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్. మహారాష్ట్ర పటంలో అంచున ఉన్న ఈ ఊళ్లలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్నాయి. విమానం నడిపే చదువంటే ఇక్కడివాళ్లకు ఒకప్పుడు ఢిల్లీ, బొంబాయి వాళ్ల వ్యవహారమే. గోందియా దగ్గర బిర్సీలో పైలట్ శిక్షణ సంస్థ వచ్చాక, నాగ్‌పూర్ ఫ్లయింగ్ క్లబ్ పేరు చెవిన పడ్డాక, పన్నెండో తరగతిలో ఫిజిక్స్, మ్యాథ్స్ తీసుకున్న పిల్లలు ఇంట్లో ఆ మాట ఎత్తగలుగుతున్నారు. పొలం అమ్మో, అప్పు తెచ్చో దాదాపు అరకోటి పెట్టాల్సిన చదువు అది. అంత డబ్బు దింపే ముందు ఏ తండ్రికైనా భయం ఉంటుంది. ఆ భయాల్లో ఒకటి బయటికి చెప్పుకోలేనిది: పిల్లవాడి మీద బండి కేసు ఒకటి ఉంది, రేపు అడ్డం వస్తుందా?

దీనికి ఊళ్లో రెండు జవాబులు దొరుకుతాయి. ఒక్క చలాన్ పడినా పైలట్ లైసెన్సు రాదనేది ఒకటి. ఫైను కట్టేస్తే అన్నీ మాసిపోతాయనేది రెండోది. రెండూ తప్పే. మొదటిది అనవసరంగా భయపెడుతుంది, అంతే. రెండోది నమ్మినవాళ్లు మాత్రం నిజంగా నష్టపోతున్నారు. అందుకే దీన్ని కాస్త వివరంగా విప్పి చూడాలి.

ముందుగా, పైలట్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఏం అడుగుతుందో చూద్దాం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో పన్నెండో తరగతి పాసవ్వాలి. క్లాస్ 1 మెడికల్, అంటే పైలట్లకు చేసే కఠినమైన ఆరోగ్య పరీక్షలో నెగ్గిన పత్రం కావాలి, రాత పరీక్షలు గట్టెక్కాలి, 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఈ అర్హతల్లో డ్రైవింగ్ లైసెన్సు ఊసే లేదు. స్పీడుగా వెళ్లినందుకు, హెల్మెట్ లేనందుకు, సిగ్నల్ దాటినందుకు ఎన్ని చలాన్లు పడ్డాయని లెక్క తీసే గడి కూడా లేదు. పైగా కెమెరా తీసిన చలాన్ బండి యజమాని పేరున వస్తుంది. సిరొంచ కుర్రాడు తెలంగాణ నంబరున్న తండ్రి బండి మీద మంచిర్యాలలో సిగ్నల్ దాటితే మెసేజి వెళ్లేది తండ్రి ఫోనుకే. పిల్లవాడి చరిత్రలో దాని జాడ ఉండదు.

కానీ పైలట్ దారి ఒక్క డీజీసీఏ గుమ్మం దగ్గర ఆగదు. పాస్‌పోర్టు కావాలి. విదేశంలో నేర్చుకుంటే వీసా కావాలి. ఉద్యోగం వచ్చాక విమానాశ్రయంలో తిరగాలంటే పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ ఇచ్చే ప్రవేశ పత్రం కావాలి, దానికి ముందు పోలీసుల నడవడిక విచారణ ఉంటుంది. ఉద్యోగమిచ్చే విమాన సంస్థ తన సొంత విచారణ తాను చేయించుకుంటుంది. ఎయిర్‌ఫోర్స్ వైపు వెళ్లేవాళ్లకు ఎన్‌డీఏ అనే సైనిక అకాడమీ అయినా, ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష అయినా పోలీసు విచారణ తప్పదు. రోడ్డు మీద జరిగినది ఈ పక్క గుమ్మాల్లోంచి లోపలికొస్తుంది.

కాబట్టి అసలు ప్రశ్న నేరం ఎంత పెద్దదన్నది కాదు. అది ఏ కాగితంగా మిగిలింది, ఆ కాగితం గురించి అడిగినప్పుడు ఏం రాశారు అన్నదే.

ఒప్పుకుంటే పోతుందిలే అనే సలహా

మోటారు వాహనాల చట్టం, 1988లో 200వ సెక్షన్ అనేది ఒకటుంది. చిన్న ఉల్లంఘనలకు కోర్టు దాకా పోకుండా అధికారి దగ్గరే రుసుం కట్టి ముగించుకునే వీలు దాంతోనే వచ్చింది. మామూలు చలాన్ అంటే ఇదే. కట్టేస్తే విషయం అక్కడితో సరి, శిక్ష పడినట్టు కాదు. అయితే 2019 సవరణ తర్వాత హెల్మెట్ లేకపోయినా, బండి మీద ముగ్గురెక్కినా 1,000 రూపాయల ఫైనుతో పాటు మూడు నెలలు డ్రైవింగ్ లైసెన్సును పక్కన పెట్టే వీలుంది. అది కూడా విమాన లైసెన్సుకు అడ్డం కాదు.

కేసు దారి వేరు. మనిషికి దెబ్బ తగిలినా, బండి ఇష్టం వచ్చినట్టు నడిపి జనం ప్రాణాల మీదికి తెచ్చాడని ఎవరైనా ఫిర్యాదు చేసినా పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాస్తారు. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే ఐపీసీ 279 కింద, ఆ తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత 281 కింద. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా ఫైను, లేదా రెండూ. చాలా కేసుల్లో ఫైనుతోనే పోతుంది. ఎదుటి మనిషి చనిపోతే అదే న్యాయ సంహితలో 106వ సెక్షన్ వస్తుంది, ఐదేళ్ల దాకా జైలుంటుంది, అది వేరే స్థాయి.

సరిహద్దు తాలూకాల్లో ఎక్కువ మందిని ముంచేది ఆ 281వ సెక్షన్ కేసే. సమన్లు వస్తాయి. వాయిదాకు వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, కాలేజీ పోతుంది. కోర్టు వరండాలో అనుభవస్థులు చెప్పే సలహా ఎప్పుడూ ఒకటే: నేరం ఒప్పుకో, జడ్జిగారు వెయ్యి రాస్తారు, కట్టేసి బస్సెక్కు. పొలం చేసుకునేవాడికో, దుకాణం పెట్టుకునేవాడికో ఆ సలహా సరిపోతుంది కాబోలు. పైలట్ కావాలనుకునే పిల్లవాడికి ఆ వెయ్యి రూపాయల రసీదు నేరం రుజువై శిక్ష పడినట్టు సాక్ష్యం. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకోవడమంటే చలాన్ కట్టడం కాదు. ఆ రోజు నుంచి ఏ దరఖాస్తులో అడిగినా "మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా?" అన్న గడిలో అవును అని రాయాల్సిందే. రోడ్డు మీద నిజంగా తప్పు అతనిదే కావచ్చు, కాకపోవచ్చు. అది తేలకముందే, బస్సు వేళ మించిపోతుందని జీవితానికంతటికీ ఒక జవాబు రాసిచ్చేస్తున్నాడు. ఇంతకంటే బాధ కలిగించే విషయం ఈ మొత్తం వ్యవహారంలో మరొకటి లేదు.

భాష ఇంకో చిక్కు. ఇక్కడి ఠాణాల్లో ఎఫ్‌ఐఆర్, పంచనామా, వాంగ్మూలం అన్నీ మరాఠీలో ఉంటాయి. తెలుగు ఇళ్లలో పుట్టినా ఇక్కడి బళ్లలో చదువుకున్న పిల్లలకు మరాఠీ వస్తుంది. హైదరాబాదులోనో, హన్మకొండలోనో ఇంగ్లిష్ మీడియం హాస్టల్లో పెరిగి సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలకు పోలీసు మరాఠీ చదవడం రాదు, తల్లిదండ్రుల్లో చాలామందికీ రాదు. "అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపి" అన్న వాక్యం తమ వాంగ్మూలంలో ఉందని తెలియకుండానే సంతకం పెడతారు. సంతకానికి ముందు చదివి వినిపించమని అడగడం హక్కు. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. నిందితుడికి ఛార్జిషీటు, దాంతోపాటు ఉన్న కాగితాలు కోర్టు ఉచితంగా ఇప్పించాలి. ఆ కాగితాలు ఇంట్లో ఉంటేనే ఏ సెక్షన్ కింద ఏం రాశారో తెలుస్తుంది. ఇంట్లో ఎవరినడిగినా "యాక్సిడెంటు కేసు" అనే చెప్తారు తప్ప సెక్షన్ చెప్పలేకపోవడం ఇక్కడ మామూలే.

దెబ్బ తగిలినవాళ్లతో రాజీ పడితే సరిపోదా అని ఇంకో ప్రశ్న. గాయానికి సంబంధించిన సెక్షన్లలో కోర్టు అనుమతితో రాజీకి వీలుంది. 281వ సెక్షన్ మాత్రం రాజీ కుదిరే నేరాల జాబితాలో లేదు. ఊరి పెద్దల ముందు డబ్బిచ్చి, కాగితం రాయించుకుని, కేసు పోయిందనుకునే కుటుంబాలు ఇక్కడే పొరబడతాయి. పూర్తిగా తీసేయించుకోవాలంటే హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాలి. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల వారికి అది బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి, నాందేడ్ వారికి ఔరంగాబాద్ బెంచి. ఖర్చూ ఉంది, కాలమూ పడుతుంది. అయినా శిక్షణకు అరకోటి పెట్టబోయే కుటుంబం ఈ ఖర్చుకు వెనుకాడకూడదు. గాయాలు చిన్నవై, ఎదుటివారు ఒప్పుకున్న చోట హైకోర్టులు ఇలాంటి కేసులు కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఇక పోలీసులే కేసులో పస లేదని ముగిస్తే మహారాష్ట్రలో ఆ ముగింపు నివేదికను సమ్మరీ అంటారు, అందులో ఎ, బి, సి అనే రకాలున్నాయి. ఏ సమ్మరీ కింద మూసేశారో, మేజిస్ట్రేటు దాన్ని అంగీకరించారో లేదో రాతపూర్వకంగా తెచ్చి పెట్టుకోవాలి.

నేరం రుజువైనా మొదటి తప్పు చేసినవాళ్లకు 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఒక దారి ఇచ్చింది. మంచి నడవడిక హామీ మీద విడుదల చేస్తే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని అందులో 12వ సెక్షన్ చెబుతుంది. జడ్జిగారి ముందు ఈ మాట ఎత్తే వకీలు ఉండాలి. మనిషి చనిపోయిన కేసుల్లో మాత్రం ఇది ఆశించలేం. నిర్లక్ష్యపు డ్రైవింగ్ మరణాల్లో ఈ వెసులుబాటు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2000లోనే గట్టిగా చెప్పింది.

నది దాటి తాగి, తిరిగొచ్చే దారి

గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. సిరొంచ నుంచి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, అంటే తెలంగాణ, అక్కడ మందు దొరుకుతుంది. నిషేధం ఉన్న జిల్లా నుంచి లేని వైపుకు బండి మీద పోయి, తాగి, రాత్రిపూట అదే బండి మీద తిరిగి రావడం ఇక్కడి యువకుల్లో కొందరికి అలవాటుగా మారింది. అటుపక్క ఆదిలాబాద్ వైపు, ఇటుపక్క నిజామాబాద్ వైపు ఉన్న తాలూకాల్లో నిషేధం లేదు గానీ, రాష్ట్రం గీత దాటితే ఎవరూ పట్టించుకోరన్న ధీమా మాత్రం అందరిలో ఒకటే.

ఈ ప్రయాణంలో కేసు రెండు రకాలుగా పడుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా ఫైను, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్లు, 15,000. దీనికి తోడు డిక్కీలో సీసా ఉంటే మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం, 1949 కింద మరో కేసు. 185వ సెక్షన్ చలాన్‌తో ముగిసేది కాదు, అది 200వ సెక్షన్ జాబితాలో లేదు, కోర్టుకే పోవాలి. వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం కూడా పోలీసుకు ఉంది. గొట్టంలోకి ఊదనని మొండికేసినా మేలు లేదు, ఆ నిరాకరణే కోర్టులో అతనికి వ్యతిరేకంగా నిలుస్తుంది.

మిగతా రోడ్డు నేరాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. విమానయానంలో మద్యం మాటే వేరుగా చూస్తారు. విమాన నిబంధనలు, 1937లో 24వ నిబంధన ప్రకారం విమానం ఎక్కడానికి ముందు 12 గంటల్లో మద్యం ముట్టకూడదు. రోడ్డు మీద 30 మిల్లీగ్రాముల దాకా వెసులుబాటు ఉంటే, పైలట్‌కు బ్రెత్ ఎనలైజర్‌లో సున్నా రావాలి. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్, రెండోసారి మూడేళ్లు, మూడోసారి రద్దు. శిక్షణలో ఉన్న విద్యార్థులకూ ఊదే పరీక్ష తప్పదు. ఇంత కఠినంగా ఉండే చోట, ఇరవై ఏళ్లకే తాగి బండి నడిపి దొరికినవాడి గురించి వైద్యుడికీ, ఉద్యోగమిచ్చేవాళ్లకూ కలిగే అనుమానం సహజం. తాగుడు ఒక్కరాత్రి పొరపాటా, అలవాటా అని అడుగుతారు. రక్త పరీక్షల్లో కాలేయం సంగతి చూస్తారు. ఒక్క పాత కేసు ఉంటే, ఆ తర్వాత ఏళ్లపాటు మళ్లీ ఏమీ లేకపోతే, దాన్ని అధిగమించడం అసాధ్యమేమీ కాదు. రెండోది ఉంటే మాత్రం సర్దిచెప్పడం చాలా కష్టం. 1937 నిబంధనల్లో 19వది, మద్యానికి బానిసైన వాడి లైసెన్సును ఆపే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది.

గంజాయి సంగతి ఇంకా తీవ్రం. ఒడిశా వైపు నుంచి వచ్చే సరుకు ఈ అడవి దారుల్లో బండ్ల మీద పట్టుబడడం పత్రికల్లో చూస్తూనే ఉంటాం. స్నేహితుడికి బండి ఇచ్చి, అందులో ఏముందో అడగని కుర్రాడు మత్తు పదార్థాల చట్టం కేసులో విచారణకు వెళ్లాల్సి రావచ్చు. కేసు దాకా వెళ్లకపోయినా, 2022 జనవరి 31 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ నిబంధన ప్రకారం శిక్షణ సంస్థలు పైలట్ విద్యార్థిని చేర్చుకునే ముందే మత్తు పదార్థాల పరీక్ష చేయాలి. విమాన సంస్థలు ఏటా కనీసం పది శాతం సిబ్బందిని చెప్పకుండా పరీక్షించాలి. గంజాయి జాడ మూత్రంలో రోజుల తరబడి, అలవాటున్నవాళ్లలో వారాల తరబడి కనిపిస్తుంది.

తేలని కేసు పట్టుకునే పాస్‌పోర్టు

శిక్ష పడిన కేసు కంటే నడుస్తున్న కేసు ఎక్కువ ఇబ్బంది పెడుతుందంటే చాలామంది నమ్మరు. పాస్‌పోర్టుల చట్టం, 1967లో 6వ సెక్షన్ ఏం చెబుతుందో చూస్తే నమ్మక తప్పదు. కోర్టులో నేర విచారణ పెండింగులో ఉన్నవారికి పాస్‌పోర్టు నిరాకరించాలి. శిక్ష పడి ముగిసిన వారి విషయంలో మాత్రం నైతిక పతనంతో కూడిన నేరం అయి ఉండాలి, గత ఐదేళ్లలో కనీసం రెండేళ్ల జైలు పడి ఉండాలి. అంటే 281వ సెక్షన్ కింద 1,000 రూపాయలు కట్టి బయటపడ్డవాడికి పాస్‌పోర్టు వస్తుంది. అదే సెక్షన్ మీద నాలుగేళ్లుగా వాయిదాలు తిరుగుతున్నవాడికి ఆగుతుంది. బహుశా ఇందుకే వకీళ్లు కూడా ఒప్పేసుకోమని తొందరపెడతారు. ఈ రెండిటి మధ్య ఇరుక్కున్న పిల్లవాడికి మూడో దారి ఒకటుంది, అది తెలిసినవాళ్లు తక్కువ. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టే అనుమతి ఇస్తే పాస్‌పోర్టు ఇవ్వొచ్చు. ఎంతకాలానికన్నది ఉత్తర్వులో రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. కాబట్టి కాలం పేర్కొనమని అడగడం వకీలు మరవకూడదు. ఎఫ్‌ఐఆర్ దశలోనే ఉంటే, కోర్టు ఇంకా కేసు చేపట్టకపోతే, అది పెండింగు విచారణ కిందికి రాదు.

ఇంకో నమ్మకం కూడా పోవాలి. "కేసు హైదరాబాదులో, ఇల్లు సిరొంచలో, ఇక్కడి ఠాణాకు ఎలా తెలుస్తుంది?" అని ధైర్యంగా ఉండేవాళ్లున్నారు. పదిహేనేళ్ల కిందటైతే ఆ ధైర్యానికి అర్థం ఉండేదేమో. ఇప్పుడు దేశంలోని ఠాణాలను సీసీటీఎన్ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ కలిపింది. కోర్టు కేసులు ఈ-కోర్ట్స్ సైటులో పేరు కొట్టి వెతకొచ్చు. హాస్టల్లో ఉన్నప్పుడు డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికి, నాంపల్లి కోర్టులో ఫైను కట్టి, ఇంట్లో చెప్పకుండా దాచిన విషయం గడ్చిరోలి పోలీసు విచారణలో బయటపడడానికి ఇప్పుడు రాష్ట్రాల గీత అడ్డం కాదు.

విదేశాల్లో నేర్చుకోవాలనుకునేవాళ్లకు లెక్క మారుతుంది. అమెరికాలో విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నిబంధన చాలా స్పష్టం: మద్యం, మత్తు మందులతో ముడిపడిన డ్రైవింగ్ శిక్ష పడినా, అందువల్ల డ్రైవింగ్ లైసెన్సు ఆగినా, పైలట్ సర్టిఫికెట్ ఉన్నవాడు 60 రోజుల్లోగా రాసి పంపాలి. మూడేళ్లలో రెండుసార్లయితే సర్టిఫికెట్ ఆగవచ్చు. మెడికల్ ఫారంలో తాగి నడిపిన అరెస్టు గురించి విడిగా అడుగుతారు, శిక్ష పడకపోయినా సరే చెప్పాలి. ఆ ఫారం మీద సంతకం పెట్టడమంటేనే జాతీయ డ్రైవర్ రిజిస్టరు తిరగేసుకోమని అనుమతి ఇచ్చినట్టు. రక్తంలో ఆల్కహాల్ 0.15 శాతం, ఆపైన వస్తే, లేదా పరీక్షకు నిరాకరిస్తే, వైద్యుడు అక్కడికక్కడ సర్టిఫికెట్ ఇవ్వలేడు, ఫైలు పైకి పంపాలి. విద్యార్థికి దీనికంటే ముందే ఇంకో ముప్పుంది. తాగి నడిపిన అరెస్టు ఒక్కటి చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే పద్ధతి అక్కడి విదేశాంగ శాఖ పాటిస్తోంది. కెనడాలో 2018 డిసెంబరు నుంచి తాగి నడపడం గరిష్ఠంగా పదేళ్ల శిక్ష ఉన్న నేరం. విదేశీయులను దేశంలోకి రానివ్వకపోవడానికి అదొక్కటే కారణం కాగలదు.

న్యూజిలాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ పైలట్ లైసెన్సు అడిగినవాడు ఆ పనికి తగిన మనిషేనా అని తేల్చుకోవడానికి నేర చరిత్రతో పాటు డ్రైవింగ్ రికార్డు కూడా చూస్తారు. రవాణా భద్రతా నియమాలను మనిషి ఎలా పాటిస్తాడన్నది అందులో లెక్కలోకి వస్తుంది. స్పీడు ఫైన్లు కూడా అక్కడ పనికిరాని సమాచారం కాదు. ఒక్కటి ఉంటే లైసెన్సు పోదు. వరుసగా ఉంటే మాత్రం నియమాల పట్ల ఆ మనిషి వైఖరి ఏమిటని అడుగుతారు. ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది. రోడ్డు మీద ఎవరూ చూడనప్పుడు గీత దాటేవాడు గాల్లో చెక్‌లిస్టులో ఒక అంశం వదిలేయడని ఎవరు హామీ ఇస్తారు? తెలంగాణ ప్రభుత్వం 2022లోనూ, 2023 చివర్లోనూ పాత చలాన్లకు భారీ రాయితీ ఇచ్చింది. అప్పటినుంచి సరిహద్దుకు రెండువైపులా చలాన్ అంటే వాయిదా వేసుకునే బాకీ అన్న భావన పాతుకుపోయింది. డబ్బు కోణంలో అది తెలివే కావచ్చు. వృత్తి కోణంలో మంచి అలవాటు కాదు.

దాచినదే పెద్ద నేరం

నేర్చుకున్న దేశమేదైనా, ఎక్కే ఉద్యోగమేదైనా, ఫారంలో మూడు మాటలు వస్తాయి: అరెస్టయ్యారా, మీ మీద విచారణ జరిగిందా, శిక్ష పడిందా. మూడూ ఒకటి కావు. అరెస్టయి వదిలేసినవాడు మొదటి దానికి అవుననీ, మూడో దానికి కాదనీ రాయాలి. కేసు కొట్టేసినా, రెండో దానికి జవాబు చాలాసార్లు అవుననే ఉంటుంది. "కొట్టేశారు కదా, ఏం లేదని రాద్దాం" అన్న ఇంటి సలహా ఇక్కడే గొయ్యి తవ్వుతుంది. వివరం రాయడానికి చోటిస్తారు, తేదీ, సెక్షన్, ఏం జరిగిందో, ఎలా ముగిసిందో నాలుగు ముక్కల్లో రాసి, తీర్పు నకలు జోడిస్తే చాలు.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయం మీద చెప్పినది ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో జరిగిన అల్పమైన నేరాన్ని దాచినా, ఉద్యోగమిచ్చేవారు తమ విచక్షణతో మన్నించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, అభ్యర్థి పూర్వ చరిత్రను పరిశీలించే హక్కు వారికి ఉంటుంది. అది ప్రధానంగా ప్రభుత్వ ఉద్యోగాల తీర్పు, అయినా ప్రైవేటు విమాన సంస్థలూ ఇదే తర్కంతో నడుస్తాయి. డీజీసీఏ వైపు 19వ నిబంధన ఇంకా సూటిగా ఉంది: సమాచారం దాచిపెట్టో, తప్పుడు సమాచారం ఇచ్చో లైసెన్సు పొందితే దాన్ని రద్దు చేయవచ్చు. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు దొరికి అరెస్టయినప్పటి నుంచి కాగితాల పరిశీలన గట్టిపడింది. అరకోటి ఖర్చయ్యాక, కో-పైలట్ సీట్లో కూర్చున్నాక, 1,000 రూపాయల పాత కేసు గురించి రాసిన అబద్ధం బయటపడితే పోయేది ఆ సీటే. ఆ కేసు మొదట్లోనే చెప్పి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో.

18 నిండని పిల్లల విషయంలో చట్టం మెత్తగా ఉంది, పెద్దల విషయంలో కఠినంగా ఉంది. బాలుడు బండి నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల ఫైను. ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వరు. 2024 మేలో పుణెలో ఖరీదైన కారు ఇద్దరి ప్రాణాలు తీసినప్పుడు రాష్ట్రమంతా ఈ సెక్షన్ పేరు విన్నది. అయితే బాల న్యాయ చట్టం, 2015లో 24వ సెక్షన్ ప్రకారం, పెద్దవాడిగా విచారించిన ఘోర నేరాలు మినహా, బాలుడిగా చేసిన తప్పు వల్ల ఏ అనర్హతా అంటదు. కాబట్టి పదహారేళ్లప్పటి బండి కేసు బాలల న్యాయ మండలిలో తేలిపోతే, అది పైలట్ దారిని మూయదు. విచిత్రమేమిటంటే 23 ఏళ్లకు విమానం నడిపే లైసెన్సు ఉండి, శిక్షణ కేంద్రానికి బండి మీద వెళ్లే లైసెన్సు లేని మనిషి ఉండవచ్చు. గ్రామాల్లో పదో తరగతి పిల్లవాడికి బండి తాళాలిచ్చి పొలానికి పంపే తల్లిదండ్రులు గమనించాల్సింది, ఈ సెక్షన్‌లో ముందు ముద్దాయిలయ్యేది తామేనని.

చివరిగా కాగితాలతో సంబంధం లేని నష్టం ఒకటుంది. పైలట్ కలలు ఎక్కువగా ఆగేది పోలీసు విచారణలో కాదు, మెడికల్‌లో. అడవి దారుల్లో రాత్రిపూట హెల్మెట్ లేకుండా పడి తలకు దెబ్బ తగిలినవాడికి కేసు లేకపోయినా క్లాస్ 1 మెడికల్ ప్రశ్నార్థకమవుతుంది. స్పృహ ఎంతసేపు తప్పింది, దెబ్బకు ముందూ తర్వాతా జరిగినవి ఎంతసేపు గుర్తులేవు, పుర్రె చిట్లిందా, మెదడులో రక్తస్రావం అయిందా అని అడుగుతారు. ఇవన్నీ ముందుముందు మూర్ఛ వచ్చే ప్రమాదాన్ని సూచించేవి. రక్తస్రావం జరిగి ఉంటే ఏళ్లపాటు ఆగాల్సి రావచ్చు, కొన్నిసార్లు శాశ్వతంగా కూడా. స్పృహ తప్పకుండా చర్మం మాత్రమే చీరిన దెబ్బకు అంత భయం అక్కర్లేదు. ఈ తేడా నిరూపించేది ఆస్పత్రి కాగితాలే. సిరొంచ గ్రామీణ ఆస్పత్రిలో కుట్లు వేయించుకుని, చంద్రపూర్‌కో, వరంగల్‌కో స్కానింగుకు వెళ్లినవాళ్లు డిశ్చార్జి కాగితం, స్కానింగు రిపోర్టు, ఫిల్ము మూడూ దాచుకోవాలి. ఐదేళ్ల తర్వాత వైద్యుడు అడిగినప్పుడు, "ఏమీ కాలేదన్నారు" అన్న మాటకు విలువుండదు, ఆ రోజు రేడియాలజిస్టు రాసిన వాక్యానికి ఉంటుంది. అరకోటి అప్పుకు సంతకం పెట్టే ముందే మొదటి మెట్టయిన క్లాస్ 2, ఆపైన క్లాస్ 1 మెడికల్ రెండూ చేయించుకుని, పాత దెబ్బ గురించి అక్కడే చెప్పేస్తే, వచ్చే జవాబు ఏదైనా పొలం అమ్మకముందే తెలుస్తుంది.